గండం గడిచిందని ఎవరు చెప్పారు?

మన భాషలో ఒక తిరకాసు ఉంది. జ్వరానికి వేసుకునేదీ మందే, పత్తి చేనుకు కొట్టేదీ మందే, పొద్దుగూకాక సీసాలోంచి వంచుకునేదీ మందే. అర్ధరాత్రి క్యాజువాలిటీ ముందు ఆటో ఆగి, "పాప మందు మింగింది సార్" అని తండ్రి కేకేస్తే, లోపలున్న డ్యూటీ డాక్టరు చెవికి ఏ మందు వినిపించిందన్న దాని మీద ఆ తర్వాతి గంట నడుస్తుంది. పత్తి జిల్లాల్లో పని నేర్చుకున్నవాళ్ళకు పురుగుమందే వినిపిస్తుంది. గొట్టం, బకెట్టు నీళ్ళు, అట్రోపిన్. చేతులు వాటంతటవే కదిలిపోతాయి. హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో నా చేతులూ అలాగే కదిలాయి.

ఆ రాత్రి వచ్చిన పిల్ల ఇంటర్ చదువుతోంది. మింగింది పురుగుమందు కాదు, నానమ్మ కాళ్ళ మంటలకు రాసిచ్చిన మాత్రలు. అమిట్రిప్టిలిన్. 1960ల మొదట్లో డిప్రెషన్‌కని బజారులోకి వచ్చిన ఈ మందును ఇవాళ షుగరు వల్ల వచ్చే నరాల నొప్పికీ, మైగ్రేన్‌కూ తక్కువ మోతాదులో రాస్తుంటారు. "మా ఇంట్లో డిప్రెషన్ మాత్రలెందుకుంటాయండీ" అనే ఇళ్ళల్లో కూడా అవి ఉండేది అందుకే.

మేం కడుపు కడిగాం. నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగాం. పిల్ల లేచి కూర్చుని తల్లితో నాలుగు మాటలు మాట్లాడింది. "కడిగేశారు, మాట్లాడుతోంది, ఇక గండం గడిచినట్టే. ఏదో బెదిరించడానికి మింగి ఉంటుంది. పోలీసులూ గీలీసులూ రాకముందే ఇంటికి తీసుకుపోదాం" అని పెదనాన్న వరస ఆయన తేల్చేశాడు. నేను కాదనలేదు. నాకూ అలాగే అనిపించింది. గంట తిరక్కుండా ఫిట్స్ వచ్చాయి. థియేటర్ నుంచి కిందికి దిగిన మత్తు డాక్టరు ఈసీజీ పట్టీ చూసి, ఆ తర్వాత నన్నూ ఒక చూపు చూసి, సోడాబైకార్బ్ తెమ్మని అరవకపోతే ఆ పిల్ల దక్కేది కాదు. దక్కింది. పాఠం నేను నేర్చుకున్నాను, ఫీజు ఆ పిల్ల కట్టింది.

పెదనాన్నగారి మాట ఒక్క ఇంటిది కాదు. హాస్టల్ వార్డెన్ల నోట విన్నాను, కాలేజీ ప్రిన్సిపాళ్ళ నోట విన్నాను, సిగ్గు విడిచి చెప్పాలంటే మా డాక్టర్ల గదుల్లోనూ టీ తాగుతూ విన్నాను. ఇంగితజ్ఞానంలాగా చెలామణీ అవుతున్న ఆ మాటలో ఒక్క ముక్క కూడా నిలబడదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కడగడం దగ్గరే మొదలుపెడదాం, మన జనానికి దాని మీదే నమ్మకం ఎక్కువ కాబట్టి. పుష్కరాల్లో మునిగితే పాపాలే కొట్టుకుపోతాయని నమ్మేవాళ్ళం, మాత్రలొక లెక్కా! కానీ అమెరికా, యూరప్‌లలోని విషచికిత్సా నిపుణుల సంఘాలు రెండూ కలిసి 1997లో ఒకసారి, 2004లో ఒకసారి, 2013లో మరోసారి లోకంలో ఉన్న ఆధారాలన్నీ తిరగేసి చెప్పింది ఒకటే: విషం మింగినవారికి కడుపు కడగడం మామూలు చికిత్సగా పనికిరాదు. గొట్టం వేసేసరికి మాత్రలు కరిగి పేగుల్లోకి జారి ఉంటాయి. మిగిలినవాటిని పోసిన నీళ్ళే ఇంకాస్త ముందుకు తోస్తాయి. మగతలో ఉన్న మనిషికైతే కడుపులోది ఊపిరితిత్తుల్లోకి ఎగదన్ని, మాత్రలు చేయని పని వైద్యం చేసిపెడుతుంది. పిల్ల మెలకువగా ఉండి, మింగి గంట దాటకపోతే యాక్టివేటెడ్ చార్‌కోల్ తాగించడంలో అర్థముంది. ఆ తర్వాత దాని విలువా తగ్గుతూ పోతుంది.

మరి ఇన్నేళ్ళయినా బకెట్టు ఎందుకు పోవడం లేదు? అది కంటికి కనబడే వైద్యం కనుక. బయట పదిమంది బంధువులు నిలబడి ఉంటారు. గొట్టం వేసి కడుగుతుంటే "ఏదో చేస్తున్నారు" అని స్థిమితపడతారు. ఛాతీకి నాలుగు తీగలు అంటించి తెర వంక చూస్తూ కూర్చుంటే "ఏమీ చెయ్యట్లేదు" అని గొడవకొస్తారు. కొట్టేవాళ్ళూ ఉన్నారు. నిజానికి ఈ జబ్బులో వైద్యమంతా ఆ తెర వంక చూడటంలోనే ఉంది. ఇక ఇంట్లో ఉప్పునీళ్ళు, సబ్బునీళ్ళు పట్టి కక్కించడం గురించి రెండో మాట లేదు: వద్దు. గ్లాసులకొద్దీ ఉప్పునీళ్ళు రక్తంలో సోడియాన్ని పెంచి, అవే ప్రాణం మీదికి తెస్తాయి. "పోనీ డయాలసిస్ చేసి రక్తం కడగండి" అనేవాళ్ళూ ఉంటారు. గడ్డిమందు తాగినవాళ్ళను ఆ యంత్రం మీద పెట్టడం చూసి అడుగుతారు. ఈ పాత డిప్రెషన్ మందులు రక్తంలో నిలవవు, కండలోకీ కొవ్వులోకీ పోయి దాక్కుంటాయి. రక్తాన్ని ఎంత కడిగినా దొరికేది పిసరంత.

ఇక "మాట్లాడుతోంది కదా" అన్న ముక్క. అన్నిటికన్నా ప్రమాదమైనది ఇదే.

అమిట్రిప్టిలిన్, ఇమిప్రమిన్‌లను ట్రైసైక్లిక్ మందులంటారు. ఇమిప్రమిన్ మనసు దిగులుకు పనిచేస్తుందని స్విట్జర్లాండ్‌లో రోలాండ్ కూన్ అనే వైద్యుడు 1957లో ప్రకటించాడు. డిప్రెషన్ వైద్యాన్ని మలుపు తిప్పిన మందులివి, వాటిని తిట్టడం నా పని కాదు. కానీ మోతాదు మించితే అవి మెదడు దగ్గర ఆగవు. గుండె కండరంలో విద్యుత్తు పారడానికి సోడియం దూరే సన్నటి ద్వారాలుంటాయి. ఈ మందు వాటికి అడ్డం పడుతుంది. కబురు గుండె అంతటా పాకడం నెమ్మదిస్తుంది, రక్తపోటు జారిపోతుంది, లయ తప్పుతుంది. ఇదంతా జరగబోయే ముందు మనిషి చూడ్డానికి ఎలా ఉంటుంది? తడారిన నోరు, విప్పారిన కనుపాపలు, పరుగెత్తే నాడి, కాస్త తికమక మాటలు. పురుగుమందు వార్డులో పనిచేసిన నర్సు ఎవరైనా ఈ వాలకాన్ని ఇట్టే గుర్తుపడుతుంది, అట్రోపిన్ బాగా పట్టిన మనిషి అచ్చం ఇలాగే ఉంటాడు. అక్కడ అది "మందు పనిచేస్తోంది" అనడానికి గుర్తు. ఇక్కడ విషం పనిచేస్తోందనడానికి గుర్తు. ఒకే ముఖం, రెండు అర్థాలు. "మందు" అనే మాటకున్న తిరకాసే ఇక్కడా.

ముఖం చూసి చెప్పలేనిది ఈసీజీ చెబుతుంది. క్యూఆర్‌ఎస్ అనే గీత వెడల్పు 100 మిల్లీసెకన్లు దాటితే ఫిట్స్ రావచ్చని, 160 దాటితే గుండె లయ ప్రాణాంతకంగా తప్పవచ్చని 1985లో బోనర్ట్, లవ్‌జాయ్ అనే ఇద్దరు వైద్యులు చూపించారు. రక్తంలో మందు ఎంతుందో కొలిచే పరీక్ష కన్నా ఈ గీతే నిజం చెప్పిందని కూడా వాళ్ళు గమనించారు. 100 మిల్లీసెకన్లంటే ఈసీజీ కాగితం మీద రెండున్నర చిన్న గళ్ళు. ఏ మండల కేంద్రంలోనైనా ఉండే యంత్రం, ఏ హౌస్ సర్జన్‌కైనా వచ్చిన లెక్క. ఒకసారి తీసి ఊరుకోకుండా మళ్ళీ మళ్ళీ తీయాలి. అంతే తేడా.

గీత వెడల్పయిందా, విరుగుడు సోడియం బైకార్బొనేట్. పేరు గంభీరంగా ఉందిగానీ మన బజ్జీల పిండిలో పడే వంటసోడాయే ఇది, నరంలోకి ఎక్కించేందుకు శుద్ధి చేసినది. (ఇంట్లో కలిపి తాగించమని కాదు, దయచేసి.) అందులోని సోడియం ఆ మూసుకున్న ద్వారాల మీద ఒత్తిడి తెస్తుంది, క్షారగుణం మందు పట్టును సడలిస్తుంది. రక్తం పీహెచ్‌ను 7.45, 7.55 మధ్య నిలబెడితే గళ్ళల్లో గీత మళ్ళీ సన్నబడటం కళ్ళారా చూడొచ్చు. ఐసీయూలో ఇంత చవకగా ఇంత అద్భుతం చూపించే మందులు నాకు ఎక్కువ తెలియవు. ఎక్కిస్తున్నంతసేపూ పొటాషియం పడిపోకుండా కాచుకోవాలి. పిల్లను వెంటిలేటర్ మీద పెట్టాల్సివస్తే గొట్టం వేసే ఆ రెండు నిమిషాలూ అసలు గండం. శ్వాస ఆగి కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటే రక్తం ఆమ్లమవుతుంది, మందు గుండెను మరింత బిగించి పట్టుకుంటుంది. ఫిట్స్ వస్తే అలవాటు కొద్దీ ఫెనిటాయిన్ ఎక్కించే చేతిని ఆపాలి. అదీ సోడియం ద్వారాల మీదే కూర్చునే మందు. లోరాజెపామ్, మిడజోలామ్ కుటుంబమే ఇక్కడ దిక్కు. మత్తు దిగడం లేదని ఫ్లుమజెనిల్ ఇవ్వడం ఇంకో పొరపాటు, ఆగి ఉన్న ఫిట్స్‌ను చేజేతులా పిలవడమే. ఒకవేళ గుండె ఆగినా, ముసలివాళ్ళ గుండెపోటు లెక్కన అరగంటకు చేతులెత్తేయకూడదు. గంట దాటి ఛాతీ నొక్కాక కూడా లేచి నడిచివెళ్ళినవాళ్ళున్నారు. ఆ గుండెకు స్వతహాగా జబ్బు లేదు, మందు వదిలిపోతే అది మళ్ళీ మామూలు గుండే.

పాత తెలుగు సినిమాల్లో డాక్టరు కళ్ళజోడు తీసి, "24 గంటలు గడిస్తే గానీ ఏమీ చెప్పలేం" అంటే నవ్వుకుంటాం. ఈ ఒక్క విషయంలో ఆ డాక్టరు మా పెదనాన్నల కన్నా, ఆనాటి నా కన్నా నయం. ట్రైసైక్లిక్‌ల దెబ్బ సాధారణంగా మొదటి ఆరు గంటల్లో బయటపడుతుంది. అందాకా పిల్ల ఎంత చక్కగా మాట్లాడినా మానిటరు తీయకూడదు. ఈసీజీ ఒక్కసారి చెడిందంటే, అది బాగుపడ్డాక మరో 12 నుంచి 24 గంటలు కదలనివ్వకూడదు.

"ఇప్పుడు రాసేవి ఆ పాత మందులు కావుగా" అని చదువుకున్న పాఠకులు అడ్డుతగులుతారు. నిజమే. అమెరికాలో 1987 చివర అనుమతి పొందిన ఫ్లూయోక్సెటిన్, దాని తర్వాతి తరం మందులు మోతాదు మించినా పాతవాటంతగా గుండెను పట్టవు. చాలామంది పిల్లలు ఒక రోజు కనిపెట్టి ఉంటే తేరుకుంటారు. ఈ మాట ఒప్పుకోవడం నా వాదానికి నష్టం కాదు. "చాలామంది" అంటే ఈ మంచం మీది పిల్ల అని అర్థం కాదు. ఎస్సిటాలోప్రామ్ ఈసీజీలో క్యూటీ అనే మరో కొలతను సాగదీస్తుంది. బుప్రోపియాన్ నెమ్మదిగా కరిగే రకమైతే మర్నాడు కూడా ఫిట్స్ తేగలదు. పైగా పిల్లలు ఒక్క రకమే మింగారన్న హామీ ఎవరిస్తారు? అందుకే చెప్పినా చెప్పకపోయినా పారాసెటమాల్ పరీక్ష చేసి తీరాలి. ఆ మాత్ర మొదటిరోజు ఏ బాధా చూపించకుండా కాలేయాన్ని తింటుంది, సకాలంలో పట్టుకుంటే మాత్రం చక్కటి విరుగుడు ఉంది.

కొత్త మందులకు సెరటోనిన్ సిండ్రోమ్ అనే ఇంకో ముఖం ఉంది. వణుకు, చెమటలు, కాళ్ళు బిగదీసుకోవడం, చీలమండను పైకి విరిస్తే పాదం టకటకా కొట్టుకోవడం, జ్వరం. మే నెలలో అయితే వడదెబ్బ అనో, మెదడువాపు అనో రాసేసే ప్రమాదం ఉంది. దీన్ని గుర్తుపట్టకపోతే ఏమవుతుందో 1984 మార్చిలో న్యూయార్క్ చూసింది. లిబ్బీ జయన్ అనే 18 ఏళ్ళ అమ్మాయి జ్వరంతో, వణుకుతో ఆసుపత్రిలో చేరింది. ఆమె మోతాదు మించి మింగిన రోగి కాదు, డాక్టరు రాసిన ఫెనెల్జిన్ అనే డిప్రెషన్ మందు వాడుతోంది. దాంతో పొసగని పెథిడిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. కుదురుగా లేదని మంచానికి కట్టారు. తెల్లవారేసరికి చనిపోయింది. పాత్రికేయుడైన తండ్రి ఊరుకోలేదు. ఆ పోరాటం నుంచే జూనియర్ డాక్టర్ల పనిగంటలకు వారానికి 80 అనే హద్దు 1989లో న్యూయార్క్ రాష్ట్రంలో వచ్చింది. నిద్రలేని డాక్టర్ల సంగతి లోకానికి గుర్తుండిపోయింది, రెండు మందుల సంగతి మరుగునపడింది. ఈ సిండ్రోమ్‌లో జ్వరం కండరాల బిగింపు నుంచి పుట్టేది గనుక పారాసెటమాల్‌కు లొంగదు. కండరాన్ని సడలించాలి, ఒళ్ళు చల్లబరచాలి, ముదిరితే మత్తిచ్చి వెంటిలేటర్ మీద పెట్టాలి. తోడుగా ఇచ్చే మందు సైప్రోహెప్టడిన్. పిల్లాడికి ఆకలి పుట్టి ఒళ్ళు చేయాలని మన తల్లులు పట్టే సిరప్పులో ఉండేది ఇదే. ఆకలి సిరప్పు పేరు ఊరంతటికీ తెలుసు, ఈ ఉపయోగం తెలిసినవాళ్ళు తక్కువ.

"బెదిరించడానికి మింగింది" అన్న ముక్కకు ఎక్కువ జాగా ఇవ్వను, దానికి అంత అర్హత లేదు. ఏ మాత్ర ఎంత ప్రమాదమో పదిహేనేళ్ళ పిల్లకు తెలియదు. చనిపోవాలని గట్టిగా అనుకున్నవాళ్ళు తక్కువ విషంతో బయటపడటమూ, అమ్మ మీద కోపంతో చేతికందింది మింగినవాళ్ళు ఐసీయూ చేరడమూ రెండూ చూశాను. ఉద్దేశాన్ని బట్టి చికిత్స తగ్గించే డాక్టరు, ఈసీజీకి బదులు జాతకం చూస్తున్నట్టే. అందులోనూ ఆ ఉద్దేశాన్ని మనం కనుక్కునే తీరు చూడండి. మంచం చుట్టూ మేనమామలు, పిన్నులు. ఎవరో ఒకరు "మీ నాన్న పరువు తీశావు కదే" అంటుంటారు. ఆ మధ్యలో "ఏం మింగావమ్మా, ఎన్ని, ఎప్పుడు, ఎందుకు" అని డాక్టరు అడుగుతాడు. ఏం చెబుతుంది? చెప్పకపోతే నష్టం మనసుకే కాదు, మింగిన రెండో మాత్ర పేరు మనకు అందకుండా పోతుంది. అందరినీ బయటికి పంపి, కుర్చీ లాక్కుని కూర్చుని అడగడం కూడా విషచికిత్సలో భాగమే.

పోలీసుల భయం సంగతికొస్తే, అది కాలం చెల్లిన భయం. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షను, ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించరాదని, చికిత్స అందించే బాధ్యత ప్రభుత్వానిదేనని చెప్పింది. పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షను 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేదు. ప్రభుత్వోద్యోగిని బలవంతపెట్టడానికో అడ్డుకోవడానికో చేసే ప్రయత్నమొక్కటే నేరంగా మిగిలింది. ఆసుపత్రి నుంచి స్టేషనుకు సమాచారం వెళ్ళడం ఒక రివాజు, పిల్ల మీద కేసు కాదు. అయినా ఇప్పటికీ "పొరపాటున మింగింది", "ఫుడ్ పాయిజన్" అని రాయమని బతిమాలేవాళ్ళున్నారు, రాసేవాళ్ళూ ఉన్నారు. ఆ అబద్ధం వల్ల దక్కే పరువెంతో గానీ, ఆర్నెల్ల తర్వాత ఇంకో ఆసుపత్రిలో ఇంకో డాక్టరు ఆ కాగితం చూసి మోసపోతాడు.

ఇంటికెళ్ళాక జరిగేది ఇంకా విడ్డూరం. పిల్ల తన సొంత డిప్రెషన్ మందే మింగిందనుకోండి, "ఆ దిక్కుమాలిన మాత్రల వల్లే ఇదంతా" అని మొత్తం చెత్తబుట్టలో పోస్తారు. ఎవరో ఫార్వర్డ్ చేసిన అమెరికా హెచ్చరికను సాక్ష్యం తెస్తారు. ఆ హెచ్చరిక నిజమే. 2004లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ 24 ప్రయోగాలను, సుమారు 4,400 మంది పిల్లల వివరాలను జల్లెడ పట్టి, ఆత్మహత్య ఆలోచనలు, ప్రయత్నాలు ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 2 శాతమైతే మందు వాడినవారిలో 4 శాతమని తేల్చింది. ఫార్వర్డ్ చేసినవాళ్ళు వదిలేసిన వాక్యం: ఆ ప్రయోగాల్లో ఒక్కరూ ఆత్మహత్యతో చనిపోలేదు. మొదటి వారాల్లో పిల్లను కనిపెట్టి ఉండమని ఆ హెచ్చరిక సారం, మందు పారేయమని కాదు. అదే ఏడాది వెలువడిన 439 మంది కౌమారప్రాయుల అధ్యయనంలో ఫ్లూయోక్సెటిన్‌తోపాటు మాటల చికిత్స కూడా అందుకున్నవారిలో 71 శాతం మందికి బాగా మెరుగైంది, ఉత్తుత్తి మాత్రతో 35 శాతం మందికే. మందు ఉంచాలా, మార్చాలా అన్నది మానసిక వైద్యుడు చెప్పాలి. వారానికి సరిపడా మాత్రమే కొనడం, తాళం పెట్టడం, తాళంచెవి పెద్దవాళ్ళ కొంగున ఉంచుకోవడం మన పని. నానమ్మ మాత్రల డబ్బాకూ అదే తాళం.

చెన్నై, కొలంబో సహా ఐదు దేశాల్లోని ఊళ్ళలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక ప్రయోగం చేసింది. ఆత్మహత్యకు ప్రయత్నించి ఆసుపత్రికి వచ్చిన 1,867 మందిలో సగానికి మామూలు చికిత్స చేసి పంపారు. మిగతా సగానికి దాంతోపాటు ఒక గంటసేపు విడిగా కూర్చుని విషయాలు చెప్పి, ఆ తర్వాత ఏడాదిన్నరలో తొమ్మిదిసార్లు ఫోన్ చేసో, ఇంటికి వెళ్ళో "ఎలా ఉన్నారు" అని అడిగారు. 2008లో ఫలితాలు వచ్చాయి. మామూలుగా పంపినవారిలో 2.2 శాతం మంది ఆత్మహత్యతో చనిపోయారు. పలకరింపు అందినవారిలో 0.2 శాతం. ఖరీదైన స్కానింగు లేదు, కొత్త మందు లేదు. "గండం గడిచింది" అనకుండా ఫోన్ చేశారు, అంతే.

కాబట్టి, అమ్మా, అయ్యా, ఐసీయూ నుంచి పిల్లను పంపించేటప్పుడు డిశ్చార్జి కాగితం ఒక్కటే తీసుకుని కదలకండి. మానసిక వైద్యుణ్ణి ఏ తారీఖున, ఏ గదిలో కలవాలో రాసిన రెండో కాగితం అడగండి. ఇవ్వకపోతే ఆ వరండాలోంచే 14416కు ఫోన్ చేయండి. అది 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలిమానస్. డబ్బులడగరు, రాత్రయినా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు.